హనోయ్‌లో ఒక వాడకట్టు

(చిక్కడపల్లి గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి పాఠం)

సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్దలకు, ఇంట్లో కాళ్ళు చాపుకొని కూర్చోవలసిన వేళ ఇంత దూరం వచ్చిన మీ అందరికీ నమస్కారం. బయట చెట్ల కింద పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకొని కూర్చున్న పిల్లలను దాటుకుంటూ లోపలికి వస్తుంటే నాకు కొంచెం సిగ్గేసింది. వాళ్ళు అంత కష్టపడి చదువుకుంటుంటే నేను ఊళ్ళు తిరిగి వచ్చిన కబుర్లు చెప్పడానికి వచ్చాను.

ఆహ్వాన పత్రంలో నా ప్రసంగానికి ‘వియత్నాం యాత్రా విశేషాలు’ అని పేరు పెట్టారు. విశేషాలంటే చూసినవి వరుసగా చెప్పాలి. నేను ఆ దేశంలో 26 రోజులు ఉన్నాను; కాని ఈ సాయంత్రం మొదటి నాలుగు రోజుల గురించి మాత్రమే మాట్లాడతాను. ఆ నాలుగు రోజుల్లో నేను చూడదగ్గ స్థలం ఒక్కటి కూడా చూడలేదు. తిరిగి వచ్చాక మా చుట్టాలు ‘అంత ఖర్చు పెట్టి వెళ్ళి నాలుగు రోజులు వట్టినే కూర్చున్నావా’ అన్నారు. వట్టినే కూర్చోలేదని చెప్పడానికే ఇక్కడికి వచ్చాను.

మన తెలంగాణలో వాడకట్టు అనే మాట ఉంది. వాడకట్టు అంటే వీధి మాత్రమే కాదు. మనం రెండు రోజులు కనబడకపోతే ఎవరో ఒకరు ‘ఏమైంది, ఊళ్ళో లేరా’ అని అడిగే మేర ఎంతవరకు ఉంటుందో అంతవరకు మన వాడకట్టు. పుట్టిన ఊళ్ళో అది మనకు ఊరికే దొరుకుతుంది. పరాయి దేశంలో, భాష రాని చోట, ఒంటరిగా వీపున సంచితో దిగినవాళ్ళు దాన్ని తమ చేతులతో కట్టుకోవాలి. మొదటి నాలుగు రోజులు ఆ పనికి పోతాయి, పోవాలి కూడా. దిగిన మర్నాటి నుంచే గుళ్ళూ గోపురాలూ చూడటం మొదలుపెట్టినవాళ్ళు ఊరంతా చూసి కూడా ఆ ఊళ్ళో ఒక్క పూట ఉండకుండానే వచ్చేస్తారని నా అభిప్రాయం.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. టెలిఫోన్స్‌లో ముప్పై ఏళ్ళకు దగ్గరగా పనిచేసి, 2020 జనవరి 31న వేలాదిమంది ఉద్యోగులతో పాటు నేనూ స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. ఆ తరువాత కరోనా వచ్చింది, ఇంట్లోనే కూర్చున్నాం. 2024లో శివరాత్రి జాగారం చేసిన మర్నాడు, మార్చి 9 రాత్రి, ఏడు కిలోల సంచి భుజాలకు తగిలించుకొని శంషాబాద్‌లో విమానం ఎక్కాను. అప్పటికి నాకు యాభై ఆరో ఏడు నడుస్తోంది. ఒంటరిగా వెళ్ళడం మన సంప్రదాయంలో లేదని కొందరు పెద్దలు అన్నారు. అది కొంతవరకు నిజమే. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారి వెంట బోయీలూ వంటవాళ్ళూ బంధువులూ కలిసి నూరు మంది వరకు ఉన్నారు. ఆయన వాడకట్టును వెంట తీసుకుని వెళ్ళాడు, నాకు ఆ స్తోమత లేదు.

బయలుదేరే ముందు పడిన తిప్పలను త్వరగా దాటేస్తాను. వియత్నాం 2023 ఆగస్టు 15 నుంచి 90 రోజుల ఈ-వీసా ఇస్తోంది, ఒకసారి ప్రవేశానికి రుసుము 25 డాలర్లు. దరఖాస్తు నింపడంలో కష్టమేమీ లేదు, మన ఇంటిపేరు ఒక్కటే కష్టం. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పొడి అక్షరంగా, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా, బ్యాంకులో పేరు చివర, ఇలా ఒకే ఇంటిపేరు మూడు చోట్ల మూడు వేషాల్లో ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో ఏ గడిలో ఏముందో అదే గడిలో అదే రాయాలి, మన తెలివి ఉపయోగించకూడదు. తమాషా ఏమిటంటే, వియత్నాం వాళ్ళు కూడా మనలాగే ఇంటిపేరు ముందు పెట్టి, అసలు పేరు చివర చెబుతారు. ఆ దేశంలో సుమారు మూడో వంతు జనానికి ఇంటిపేరు ఒక్కటే, న్గుయెన్. కాబట్టి ఇంటిపేరుతో పిలిస్తే ఎవరూ పలకరు, చివరి పేరుతోనే పిలవాలి.

మార్చి 10 ఉదయం వియత్నాం రాజధాని హనోయ్‌లోని నోయ్ బాయ్ విమానాశ్రయంలో దిగాను. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర ముందు నడుస్తుంది. దిగగానే నా ధైర్యానికి మొదటి దెబ్బ తగిలింది: డబ్బు తీసుకుందామని ఏటీఎంలో కార్డు పెడితే రాలేదు. రెండో యంత్రంలోనూ రాలేదు. తప్పు నాదే. 2020 నుంచి మన రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం కొత్త కార్డులు దేశం లోపల మాత్రమే పనిచేస్తాయి, విదేశంలో వాడాలంటే మనమే ఆ మీట నొక్కి తెరవాలి. తెరవాలంటే ఓటీపీ రావాలి, ఓటీపీ రావాలంటే హైదరాబాద్ నంబరుకు రోమింగ్ ఉండాలి, రోమింగ్ నేను వేయించుకోలేదు. ముప్పై ఏళ్ళు ఊరికీ ఊరికీ మధ్య లైన్లు కలిపిన మనిషిని, నా సొంత లైను కలుపుకోలేక ఒక పరాయి విమానాశ్రయంలో సంచి మీద కూర్చున్నాను. చీర కొంగు ముడిలో డబ్బు దాచుకునే మా అమ్మ అలవాటు అప్పుడు అక్కరకు వచ్చింది. లోపలి జేబులో నోట్ల రూపంలో డాలర్లు ఉన్నాయి. యాభై డాలర్లు మారిస్తే అక్కడి డబ్బు, డాంగ్‌లు, పన్నెండు లక్షల పైచిలుకు చేతిలో పెట్టారు.

ఆ సున్నాల లెక్క మనసుకు ఎక్కడానికి రెండు రోజులు పడుతుంది. అప్పట్లో రూపాయికి సుమారు 300 డాంగ్‌లు వచ్చేవి. నేను చిన్నప్పటి ఎక్కాల పద్ధతి పట్టుకున్నాను: మూడు సున్నాలు కొట్టేసి, మిగిలినదాన్ని మూడుంబావుతో హెచ్చవేస్తే దాదాపు రూపాయలు వస్తాయి. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వెళ్ళే నారింజ రంగు 86 నంబరు బస్సుకు అప్పుడు టికెట్ 45,000, అంటే నూట యాభై రూపాయల లోపు. శంషాబాద్ విమానాశ్రయానికి తిరిగే మన పుష్పక్ బస్సు కన్నా చవక. ఆ బస్సు అయిదు బురుజుల న్యట్ తన్ వంతెన మీదుగా ఎర్రనదిని దాటి ఊళ్ళోకి ప్రవేశిస్తుంది. లోంగ్ బియెన్ దగ్గర దిగాను. అక్కడ ఫ్రెంచివాళ్ళు వందేళ్ళకు పూర్వం కట్టిన పాత ఇనుప వంతెన ఉంది. దాన్ని తరువాత చూస్తానని మాట ఇచ్చి నా సంచి మోసుకుంటూ నడిచాను.

హనోయ్ పాతబస్తీని ముప్పై ఆరు వీధుల పేట అంటారు. చాలా వీధుల పేర్లు ‘హాంగ్’ తో మొదలవుతాయి. ఆ మాటకు సరుకు అని అర్థం. హాంగ్ బాక్ అంటే వెండి సరుకు, హాంగ్ క్వాత్ అంటే విసనకర్రల సరుకు, హాంగ్ థియెక్ అంటే తగరం సరుకు. లాడ్ బజార్‌లో గాజులు కొని పెరిగిన మనకు ఈ పద్ధతి కొత్త కాదు. కాని మన దగ్గర బజారు పేరు బజారంతా ఒకటే, అక్కడ నూరు అడుగులు వేస్తే వీధి పేరు మారిపోతుంది. నేను దిగవలసిన హాస్టల్ చిరునామాలో రెండు అంకెల మధ్య ఒక అడ్డగీత ఉంది. హైదరాబాద్ పాత ఇంటి నంబర్లు చూసి ఉన్నదాన్ని కాబట్టి దానికి జంకలేదు. మన గీతలకు వార్డులూ బ్లాకులూ మూలమైతే, వాళ్ళ గీతకు మూలం సందు: పెద్ద వీధిలో ఏ ఇంటి పక్కనుంచి సందు మొదలవుతుందో ఆ ఇంటి నంబరే సందుకు పేరు, గీత తరువాతది సందులో మన ఇల్లు. ఈ సూత్రం తెలిశాక నేను తప్పిపోలేదు. తెలిసేదాకా అదే సందు ముందు నుంచి నాలుగుసార్లు నడిచాను.

హాస్టల్‌లో ఆడవాళ్ళకు వేరుగా ఆరు మంచాల గది ఇచ్చారు, మంచానికి రాత్రికి రెండు లక్షల డాంగ్‌లు. గదిలో మిగిలిన అయిదుగురిలో ఏ ఇద్దరి వయసులు కలిపినా నా వయసుకు కొంచెం తక్కువే అవుతాయేమో. కింది మంచం అడిగి తీసుకున్నాను, ఈ వయసులో నిచ్చెన ఎక్కే పంతం అక్కర్లేదు. కౌంటర్ దగ్గర పాస్‌పోర్ట్ తీసుకుంటే కంగారు పడకండి. విదేశీయులు ఎవరు దిగినా పోలీసులకు తెలియజేయడం అక్కడి చట్టం. హాస్టల్ వైఫైతో రోమింగ్ వేయించుకుని, సాయంత్రానికి ఓటీపీ తెప్పించుకుని, కార్డును మేల్కొలిపాను. ఆ చిన్న ‘టింగ్’ మన్న చప్పుడు నాకు ఆ రోజు మంగళవాద్యంలా వినిపించింది.

ఇక రోడ్డు దాటడం. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే హనోయ్‌లో రోడ్డు దాటడం నేర్చుకోనివాళ్ళు వీధికి ఒక పక్కనే బతకాలి. కోఠిలోనూ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోనూ దాటిన అనుభవం నాకు ఉంది కదా అనుకున్నాను. మన పద్ధతి వేరు. ఒక చెయ్యి అడ్డంగా చాచి, సందు దొరకగానే పరుగెత్తి, మధ్యలో ఆగి, మళ్ళీ పరుగెత్తుతాం. అక్కడ ఆ సందే దొరకదు. స్కూటర్లు వాగులా ఆగకుండా పారుతుంటాయి. పైగా బండ్లు కుడి పక్కన నడుస్తాయి కాబట్టి ముందు ఎడమకు చూడాలి, నా మెడ యాభై ఏళ్ళ అలవాటుతో కుడికే తిరుగుతుంది. పది నిమిషాలు నిలబడ్డాను. అంతలో కావడి మోస్తున్న ఒక ముసలమ్మ వచ్చి, అటూ ఇటూ చూడనట్టే, ఒకే వేగంతో, గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నంత నెమ్మదిగా రోడ్డులోకి దిగింది. బండ్లు ఆమెకు ముందూ వెనకా చీలి పోయాయి. నేను ఆమె నీడలో దాటాను. అర్థమైనది ఏమిటంటే, మనం ఎక్కడ ఉండబోతున్నామో బండి నడిపేవాడు అంచనా వేసుకుంటాడు. మనం ఆగినా, పరుగెత్తినా, వెనక్కి తగ్గినా ఆ అంచనా తప్పుతుంది, ప్రమాదం అక్కడే. అయితే కార్లకూ బస్సులకూ ఈ సూత్రం వర్తించదు, వాటి కోసం ఆగాలి.

సందు మొదట్లో, ఒక చెట్టు కింద, అడుగున్నర ఎత్తు ప్లాస్టిక్ పీటలు నాలుగు వేసి ఒకావిడ టీ అమ్మేది. మన లాంటి పాల చాయ్ కాదు. గాజు గ్లాసులో పచ్చని డికాక్షన్, కావాలంటే ఐసు ముక్కలు. వాళ్ళ భాషలో టీని ‘చా’ అంటారు. శాకాహారాన్ని ‘చాయ్’ అంటారు. ఈ తేడా తెలియక నేను వెళ్ళి ‘చాయ్’ అడిగితే, ఆవిడ తన దగ్గర తినేవి ఏమీ లేవన్నట్టు చేతులు తిప్పి, వీధి చివర భోజనశాల వైపు చూపించింది. నేను గ్లాసు చూపించాను. ఆవిడ నవ్వి పోసి ఇచ్చింది. డబ్బు ఇవ్వబోయి ఒక నీలి నోటు తీశాను. ఆ దేశంలో 20,000 నోటూ నీలమే, 5,00,000 నోటూ నీలమే, రెంటి మీదా హో చి మిన్ బొమ్మే. ఆవిడ నోటు తీసుకోలేదు. నా చేతిని పట్టుకొని, నోటు మీద సున్నాలను వేలితో ఒక్కొక్కటే తట్టి చూపించి, ముఖం చిట్లించి, దాన్ని తిరిగి నా సంచిలోకి తోసి, నా చేతిలోంచి ఒక చిన్న నోటు తనే ఎంచుకొని చిల్లర ఇచ్చింది. నేను ఇవ్వబోయింది అయిదు లక్షలు. ఆ క్షణాన నా వాడకట్టుకు మొదటి రాయి పడింది. మిగిలిన మూడు రోజులూ పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు అక్కడే తాగాను. ఊరంతా టీ కొట్లు ఉన్నా మరో కొట్టుకు వెళ్ళలేదు. కొత్త ఊళ్ళో రోజుకొక కొట్టు రుచి చూడమని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. మొదటి నాలుగు రోజులు ఒకే కొట్టుకు వెళ్ళాలి.

రెండో రోజు ఆవిడ నా వయసు అడిగింది. ఫోన్ అనువాదంలో ఆ ప్రశ్న చదివి నేను కొంచెం నొచ్చుకున్నాను. తరువాత తెలిసింది, వాళ్ళ భాషలో వయసు తెలియకపోతే వాక్యమే మొదలుకాదు. మనకు నువ్వు, మీరు ఉన్నాయి. వాళ్ళు చాలా వరకు వాటి స్థానంలో వరసలే వాడతారు. తనకన్నా పెద్దది ‘చీ’, అంటే అక్క. చిన్నవాళ్ళు ‘ఎమ్’. మేనత్త వయసు ఆవిడ ‘కో’. అమ్మమ్మ ‘బా’. పిలుపుకు చివర ‘ఓయ్’ చేరుస్తారు. అరటిపండ్లు అమ్మే నలభై ఏళ్ళ మనిషి నన్ను మర్యాదగా ‘చీ ఓయ్’ అని పిలిచినప్పుడు నా తెలుగు చెవికి అది ఎలా వినిపించి ఉంటుందో మీరే ఊహించుకోండి. నేను పుట్టిన ఏడు 1968 అని కాగితం మీద రాసి చూపించాను. టీ ఆవిడ వేళ్ళ మీద లెక్క కట్టి కోతి బొమ్మ గీసింది, ఆ ఏడు కోతి సంవత్సరమట. మా అమ్మ లెక్కలో అది కీలక నామ సంవత్సరం. వాళ్ళకూ సంవత్సరాల చక్రం అరవై ఏళ్ళదే. ఆవిడ 1963లో పుట్టింది. చైనావాళ్ళు కుందేలు అనే ఏటిని వీళ్ళు పిల్లి అంటారు. అయిదేళ్ళు పెద్దది కాబట్టి ఆ పూట నుంచి ఆవిడ నాకు ‘చీ’, నేను ఆవిడకు ‘ఎమ్’. మా ఇంట్లో నేనే పెద్దదాన్ని. నన్ను చెల్లెలని పిలిచినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

తిండి సంగతి. నేను శాకాహారిని. అక్కడ కూరగాయల వేపుడులో కూడా చేపల రసం పడుతుంది, కాబట్టి మాంసం వద్దంటే సరిపోదు, ‘చాయ్’ అనే అనాలి. అదృష్టం ఏమిటంటే నేను దిగిన మార్చి 10 మనకు అమావాస్య, వాళ్ళ చాంద్రమాన లెక్కలో నెల మొదటి రోజు. మొదటి రోజూ పున్నమి రోజూ చాలామంది మాంసం మానేస్తారు. శాకాహార భోజనశాల ఆ రోజు మన కార్తీక సోమవారం నాటి గుడిలా కిటకిటలాడింది. అందరితో పాటు పళ్ళెం పట్టుకుని నిలబడి, కావలసిన కూర వేలితో చూపించాను. వడ్డించే అమ్మాయి ‘కోమ్’ అంటూ అన్నం పెట్టింది. పొలంలో ఉన్నది ‘లువా’, దంచినది ‘గావ్’, వండినది ‘కోమ్’. వడ్లు, బియ్యం, అన్నం. ఇంగ్లీషులో ఒక్క మాటతో సరిపెట్టుకునేవాళ్ళ మధ్య ఇన్నేళ్ళు ఉద్యోగం చేసిన నాకు, మూడు మాటలున్న ఆ భాష మీద ఒక్కసారిగా బంధుత్వం పుట్టింది. సంచిలోంచి కందిపొడి సీసా తీసి అన్నంలో కలుపుకున్నాను. ఆ అమ్మాయి చిటికెడు అడిగి నాకి, కళ్ళు మూసుకుని, మరో చిటికెడు అడిగింది.

అన్నీ ఇలా గడవలేదు. మూడో రాత్రి కష్టమైంది. మార్చిలో హనోయ్‌లో మంచు కన్నా సన్నని తుంపర పడుతుంది, గాలిలో తేమ నిండిపోయి గోడలూ గచ్చూ చెమటలు పోస్తాయి. ఉతికిన బట్టలు ఆరవు. నా నూలు చుడీదార్లు రెండూ చల్లగా, తడిగా, మంచం కమ్మీకి వేలాడుతున్నాయి. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి, పక్క మంచాల మీది అమ్మాయిల ఊపిరి వింటూ, ‘ఇక్కడ నాకేం పని’ అనుకున్నాను. దొంగల భయమా, మగవాళ్ళ భయమా అని చాలామంది ఆడవాళ్ళు నన్ను అడుగుతారు. జాగ్రత్త ఎక్కడైనా ఉండాలి, కాని ఆ రాత్రి నాది ఆ భయం కాదు. మూడు రోజులుగా ఎదురుగా ఉన్న మనిషితో ఒక్క పూర్తి వాక్యం నోటితో మాట్లాడలేదన్న దిగులు అది. ఫోన్ తీసి మా అమ్మాయికి కలపబోయాను. హైదరాబాద్‌లో అప్పుడు ఒంటిగంటన్నర. ఆపేశాను. రోజుకు ఒకసారి, ఒకే వేళకు మాట్లాడాలని మొదటే నియమం పెట్టుకున్నాను, అది మంచిదైంది. కొందరు పిల్లలు పొద్దస్తమానం వీడియో కాల్‌లో ఇంటివాళ్ళతోనే ఉంటారు. శరీరం హనోయ్‌లో, మనసు దిల్‌సుఖ్‌నగర్‌లో. మర్నాడు బట్టలను కిలో లెక్కన ఉతికి ఆరబెట్టి ఇచ్చే కొట్టులో వేశాను, ఒక పాత ఉన్ని కోటు కొనుక్కున్నాను, సగం దిగులు పొడి బట్టలతోనే తీరింది.

నాలుగో రోజుకు నా మేర ఏర్పడింది. టీ చెట్టు, శాకాహార భోజనశాల, బట్టల కొట్టు, నీళ్ళ సీసాలు అమ్మే దుకాణం, దాటడం వచ్చిన ఒక రోడ్డు. అన్నీ కలిపి మూడు ఫర్లాంగులు ఉండదు. కుళాయి నీళ్ళు తాగకూడదని నీళ్ళ దుకాణం ఆయనే సైగలతో నాకు ముందే చెప్పాడు. హాస్టల్ కౌంటర్ అమ్మాయి నన్ను ‘కో’ అనడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం హోవాన్ కియెమ్ సరస్సు పక్కన ఎవరో కొరియా పిల్లలు నన్ను దారి అడిగితే, చేత్తో చూపించి పంపించాను కూడా. వాళ్ళు సరిగ్గానే వెళ్ళారని ఆశిస్తున్నాను.

అయిదో రోజు పొద్దున సాహిత్య దేవాలయం చూడటానికి బయలుదేరాను. 1070లో కన్ఫ్యూషియస్ పేరిట కట్టిన గుడి అది. పరీక్షల్లో నెగ్గిన పండితుల పేర్లు చెక్కిన 82 శిలాఫలకాలు అక్కడ రాతి తాబేళ్ళ వీపుల మీద నిలబడి ఉన్నాయి. బయట చెట్ల కింద చదువుకుంటున్న మన పిల్లలకు ఆ చోటు చూపించాలని నాకు కోరిక. సందు దాటుతుంటే టీ ఆవిడ గ్లాసులు కడుగుతూ తల ఎత్తకుండానే అడిగింది: ‘ఎమ్, ది దౌ దే?’ ఫోన్ తీయనక్కర్లేకుండా అర్థమైంది. చెల్లీ, ఎక్కడికి? బయలుదేరే మనిషిని ‘ఎక్కడికి’ అని అడగకూడదని, అడిగితే కాసేపు కూర్చొని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలని మా అమ్మ చెప్పేది. భుజం మీది సంచి దించి, పీట లాక్కొని కూర్చున్నాను. ఆవిడ ఒక గ్లాసు టీ పోసింది. అది తాగాక బయలుదేరాను.